పాటిదిబ్బలో వెతికిన అమర్నా

మా వీధిలో పైపుల కోసం గొయ్యి తవ్వుతున్నారు. విజయనగరంలో ఇదేం కొత్త కాదు. కానీ ఏళ్ల తరబడి ఎండ తగలని మట్టి ఒక్కసారిగా పైకొచ్చినప్పటి ఆ చల్లటి, ముక్కిన వాసన లోపలికొస్తే చాలు, లేచి కిటికీ మూసేస్తాను.

బొబ్బిలి అవతల మా ఊరి చివర ఒక పాటిదిబ్బ ఉండేది. ఎప్పుడో పాడుబడిన పాత ఊరు అది. ఇళ్లన్నీ కరిగి గుట్టయిపోయి, బూడిదా పెంకులూ ఎముకలూ కలిసిన ఆ మన్ను పొలానికి మంచి సత్తువని రైతులు కోతలయ్యాక బళ్లకెత్తి తోలుకుపోయేవారు. ఏటేటా ఒక పక్క నుంచే తవ్వడంతో దిబ్బ ఆ వైపు నిట్టనిలువుగా, అడుగున బొరియలు పడి నిలబడి ఉండేది.

నాన్న చెల్లెలు, మా చిన్నత్త, బొబ్బిలి హైస్కూల్లో సోషల్ చెప్పేది. సెలవు మధ్యాహ్నాలు చిక్కుడుగింజలు వలుస్తూ నాకూ, చెల్లి పైడికీ అమర్నా అనే ఊరి కథ చెప్పేది. ఈజిప్టులో ఒక రాజు పాత దేవుళ్లందరినీ కాదని సూర్యబింబాన్నే కొలుస్తానని ఎడారిలో కొత్త రాజధాని కట్టించాడట, ఎండ నేరుగా లోపలికి దిగేలా గుడికి పైకప్పే లేకుండా. ఆయన పోయిన కొన్నాళ్లకే జనం ఊరు వదిలి వెళ్లిపోయారట. తర్వాతి రాజులు రాళ్లు పీక్కెళ్లి తమ గుళ్లకు వాడుకుంటే, మట్టి ఇటుకల గోడలు మాత్రం ఇసుకలో మిగిలాయట.

"మన అరసవల్లి దేవుడేనేటి అత్తా?" అని పైడి అడిగేది.

మాకు నచ్చింది మాత్రం చివరి ముక్క. వేల ఏళ్ల తర్వాత ఆ పాడుబడిన ఊళ్లో, పొలానికి మన్ను తవ్వుకుంటున్న ఒక ఆడమనిషికి మట్టిపలకలు దొరికాయట, రాజులు రాజులకు రాసుకున్న ఉత్తరాలు.

"మన దిబ్బలో కూడా ఉంటాయేటి?" అన్నాను.

అత్త వలవడం ఆపింది. "ఉంటే ఉండనీ. దాని కిందికి మాత్రం ఎల్లకండి. కూలిపోతాది."

ఆ ఏడు రథసప్తమికి నాకు పదకొండేళ్లు, పైడికి ఎనిమిది. తలమీద జిల్లేడాకులూ రేగుపళ్లూ పెట్టుకుని స్నానాలు చేశాం. వాకిట్లో పిడకల మంట మీద పొంగిన పరమాన్నం చిక్కుడాకుల్లో వేడివేడిగా తిన్నాం. పెద్దవాళ్లు నడుం వాల్చగానే ఇద్దరం దిబ్బ దగ్గరికి పరుగెత్తాం. ఒక బొరియ లోపల బల్లపరుపుగా ఏదో కనబడింది. నేను పట్టను.

"బయ్యంగుందే అక్కా."

"దూరవే, సన్నంగున్నావు నువ్వు," అని వీపు మీద చెయ్యేసి తోశాను.

నడుం దాకా వెళ్లింది. పైనుంచి మట్టిబెడ్డలు రెండు నా మెడ మీద పడ్డాయి. చూశాను. వెనక్కి రమ్మనాలని తెలుసు. అప్పుడే లోపల్నుంచి "దొరికిందే!" అని పైడి అరిచింది. ఇంకొక్క క్షణం ఆగాను.

దిబ్బ పెద్దగా చప్పుడేమీ చెయ్యలేదు. బస్తా దించినట్టు కూలబడింది. దుమ్ములో చెల్లి పాదం ఒక్కటే కనబడుతోంది. వేళ్లు కదిలాయి, తర్వాత కదలలేదు.

నా కేకలకు అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చింది చిన్నత్తే. వెనకాల గునపాలతో వచ్చిన మగవాళ్లను చూసి, "ఒద్దు! సేతుల్తోనే తియ్యండి, పిల్లకి తగుల్తాది!" అని అరిచి, తానే మోకాళ్ల మీద కూర్చుని గోళ్లు చీలి నెత్తురొచ్చేదాకా తోడింది. బయటికి లాగినప్పుడు పైడి మొహం బూడిదరంగులో ఉంది. అత్త దాని నోట్లో వేలుపెట్టి మట్టి తీసి, బోర్లా వేసి వీపు మీద చరిచింది. ఒకసారి, రెండోసారి. మూడోసారికి పిల్ల దగ్గింది. కాలు విరిగింది. పిడికిట్లో ఉత్త కుండపెంకు. సాలూరు నుంచి వస్తున్న లారీని ఆపి విజయనగరం తీసుకెళ్లారు.

ఆసుపత్రి వరండాలో తాత అడిగాడు: "ఎవులు సెప్పారే ఆ బొరియలో దూరమని?"

నేను నోరు తెరిచాను. అత్త నావైపు ఒక్కసారి చూసింది.

"నేనే సెప్పాను నాన్నా. పలకలు దొరుకుతాయని నేనే పంపాను."

నేను నోరు మూసుకున్నాను. తాత ఆమెతో మాట్లాడటం మానేశాడు. అమ్మ మమ్మల్ని ఆమె దగ్గర కూర్చోనిచ్చేది కాదు. ఆ వేసవిలోనే అత్త బొబ్బిలిలో గది అద్దెకు తీసుకుని వెళ్లిపోయింది. పైడి కాలు కాస్త పొట్టిగానే అతుక్కుంది. ఆ రోజు జరిగిందీ, అంతకు ముందు అత్త వద్దన్నదీ దానికేమీ గుర్తు మిగల్లేదు; ఇంట్లో అన్నదే విని, తనను చావు దాకా పంపింది అత్తేనని నమ్మి, ఆ తర్వాత ఎన్నడూ ఆమె గడప తొక్కలేదు.

మొన్నటి వానల్లో చిన్నత్త పోయింది. పదో రోజు కర్మ అయ్యాక పైడీ నేనూ ఊరి చివరిదాకా నడిచాం. దిబ్బ లేదు. పొలాలకు పోయింది పోగా, మిగిలింది యంత్రాలతో చదును చేసి ప్లాట్లు వేశారు. ఎక్కడ ఉండేదో ఇద్దరం చెరోచోట చూపించుకున్నాం. అక్కడే చెప్పేశాను, తోసింది నేనేనని, అత్త వద్దందని.

పైడి నావైపు తిరిగి, "అత్త బతికున్నప్పుడు సెప్పలేకపోయావా అక్కా," అంది. "ఒక్కసారి ఎల్లేదాన్ని."

కుంటుతూ రోడ్డు వైపు నడిచింది.