పక్కన పెట్టిన పాటలు

పోయిన నెల ఒక పొద్దున జావ క్యారియర్ పట్టుకుని నేను దవాఖానా మెట్లెక్కుతుంటే మా ఆయన ఎదురొచ్చి, "ఇగ అది అక్కర్లేదు" అన్నాడు. మా ఆడబిడ్డ పోయిందని నాకు అలా తెలిసింది. కామెర్లు ముదిరి చాలా రోజులుగా మంచంలోనే ఉంది. అయినా ముందురోజు సాయంత్రం జావలో ఉప్పు తక్కువైందని నన్ను ఆటపట్టించింది. ఆ పొద్దున ఉప్పు సరిచూసి మరీ తెచ్చాను. క్యారియర్‌ని ఇంటికి తీసుకెళ్లి పొయ్యి పక్కన పెట్టాను. సాయంత్రం దాకా దాన్ని ఎవరూ ముట్టలేదు.

నాచారంలో మా చర్చికి వచ్చేవాళ్లకు ఆమె ఆదివారం కీబోర్డు వాయించే మనిషిగా తెలుసు. ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల కంపెనీ వాళ్లకు టైపిస్టుగా తెలుసు. ఒకప్పుడు ఆమె ఒక రాక్ బ్యాండులో వాయించేదని తెలిసినవాళ్లు తక్కువ. ఆ బ్యాండుని అందరూ మరిచిపోయాక, అది పక్కన పెట్టేసిన పాటలన్నీ ఏరి ఒక క్యాసెట్టు చేసిందని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. ఆ సంగతి మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను తెనాలి వైపు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో వీళ్ల మాట నాకు సరిగ్గా ఎక్కేది కాదు. ఒకరోజు మా అత్తగారు గంజు ఇటియ్యమంటే నేను గంజి కోసం వంటిల్లంతా వెతికాను. మా ఆడబిడ్డ వెనకనుంచి వచ్చి, నవ్వకుండా, గిన్నె తీసి నా చేతికిచ్చి వెళ్లిపోయింది. ఆ నవ్వకపోవడం నాకు ఎంతో నచ్చింది. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో నాకంటూ ఒక మనిషి ఉందనిపించింది.

బ్యాండులో నలుగురు. గిటార్ వాయించే అతను, పాడే అతను, డ్రమ్స్ అతను, మా ఆడబిడ్డ. అందరూ చర్చి క్వయర్‌లో పెరిగినవాళ్లే. గిటార్ అతని నాన్నకు ఉప్పల్ డిపో వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. ఒకప్పుడు అందులో సిమెంటు బస్తాలు అమ్మేవారట. ఆదివారం ఆరాధన అయిపోగానే నలుగురూ అక్కడికి చేరేవారు. ఎండాకాలంలో ఆ రేకుల కింద కూర్చోవడమే గగనం, వీళ్లు సాయంత్రం దాకా వాయించేవారు. ఆ డబడబల మధ్య ఆడపిల్లకేం పని అని మా అత్తగారు గొణిగేవారు. మా మామగారు మాత్రం అది చర్చి పిల్లల పనే కదా అని ఊరుకునేవారు. ఒకటి రెండుసార్లు టిఫిను ఇవ్వడానికి నేనూ వెళ్లాను. వాయించేటప్పుడు ఆమె చెప్పులు విడిచి వట్టి కాళ్లతో నిలబడేది. ఎవరైనా తప్పు వాయిస్తే ఆగనిచ్చేది కాదు. "ఒక్కసారి తప్పు పోతే తప్పు. మళ్లగూడ అట్లనే పోతే అదే ట్యూను" అనేది.

మొదట్లో ఇంగ్లీషు పాటలు వాయించి, తర్వాత సొంతంగా తెలుగులో కట్టుకున్నారు. ఎలక్ట్రిక్ గిటార్ మీద తెలుగు మాటలు వింటే కాలేజీల్లో పిల్లలు ముందు నవ్వేవారు, తర్వాత కాళ్లు ఆడించేవారు. ఆ పాటల్లో ఒకటి మా ఆడబిడ్డ రాసింది. నాచారం కంపెనీల్లో షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్ మీద. ఆ మోతకు ఒకళ్లు ఇంట్లోంచి బయల్దేరతారు, ఒకళ్లు ఇంటికి బయల్దేరతారు, దారిలో ఎదురుపడ్డా ఆగరు, అదీ పాట. దాన్ని ఆమే పాడేది. పెద్ద గొంతు కాదు. దగ్గరికి వచ్చి చెప్తున్నట్టు ఉండేది.

ఎనభైల చివర్లో వీళ్ల పాటలతో క్యాసెట్టు వేస్తానని సికింద్రాబాద్‌లో ఒక స్టూడియో ఆయన ముందుకొచ్చాడు. రికార్డింగుకు నలుగురూ పొద్దున్నే వెళ్లారు. సాయంత్రం ఆమె తిరిగొచ్చి, మొహం కడుక్కుని, అన్నానికి కూర్చుని, "సైరన్ రాలే వదినా" అంది. క్యాసెట్టులో చోటు చాలదని, ఇలాంటి పాటలకు ఆడగొంతు కొనరని స్టూడియో ఆయన అన్నాడట. అప్పుడు గిటార్ అతను తల వంచుకుని తీగలు బిగించుకుంటూ ఉండిపోయాడట. తన పాట తీసేశాక మిగతా పాటలన్నిటికీ ఆమె సాయంత్రం దాకా కీబోర్డు వాయించి వచ్చింది. నేను ఏదో అనబోయాను. ఆమె పచ్చడి అడిగింది.

క్యాసెట్టు వచ్చింది. చర్చిలో, కాలేజీల్లో కొన్నారు. ఒక ఏడాది బాగానే తిరిగారు. తర్వాత పాడే అతను బైబిలు కాలేజీలో చేరాడు. డ్రమ్స్ అతనికి బ్యాంకులో ఉద్యోగం వచ్చి వరంగల్ వెళ్లిపోయాడు. గిటార్ అతను సినిమా పాటలకు వాయిస్తానని మద్రాసు బయల్దేరాడు. వెళ్లేముందు మా ఇంటికి వచ్చి వరండాలో ఆమెతో చాలాసేపు మాట్లాడాడు. అతను వెళ్లాక ఆమె నా దగ్గరకొచ్చి బియ్యం చాట అందుకుంది.

"పెండ్లి చేసుకుని మద్రాసుకు పోదామంటుండు వదినా."

ఏమన్నావని అడిగాను.

"నా పాట తీసేసిననాడు నా దిక్కు సూడలే. ఇప్పుడు సూస్తుండు. మళ్ల ఎప్పుడు సూడకుంటైతడో నాకెట్ల తెలుస్తది?"

రాళ్లేరడం ఆపలేదు. అతనంటే ఇష్టం లేకనా అని నేను అడగలేదు, ఇష్టమని నాకు తెలుసు. ఆ తర్వాత సంబంధాలు వచ్చాయి. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంది. కొన్నాళ్లకు రావడం మానేశాయి.

అప్పటినుంచి చాలా ఏళ్లు ఆమె వాయించింది మేం వినలేదు. కంపెనీ నుంచి వచ్చి టీ తాగి, తన గదిలో కీబోర్డు ముందు కూర్చుని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకునేది. మాకు వినపడేది కీబోర్డు ప్లాస్టిక్ మెట్ల మీద వేళ్ల చప్పుడొక్కటే. టకటకా, ఆగి మళ్లీ టకటకా. టైపు కూడా ఇంట్లోనే కొడుతున్నావా అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. ఆమె లోపల ఏ పాట వింటోందో మాకు తెలిసేది కాదు. పక్కగదిలోనే ఉన్న మనిషి ఎక్కడో దూరాన ఉన్నట్టు ఉండేది.

తొంభైల మధ్యలో గిటార్ అతని నాన్న ఆ షెడ్డు అమ్మేశాడు. ఒక ఆదివారం రిక్షాలో గోనెసంచి వేసుకుని మా ఇంటికొచ్చాడు. సంచినిండా క్యాసెట్లు. "గీడ నువ్వొక్కదానివే మిగిలినవ్ బిడ్డా, నువ్వే ఉంచుకో" అని గుమ్మంలో దింపి వెళ్లిపోయాడు. అవన్నీ షెడ్డులో ప్రాక్టీసు చేసేటప్పుడు బ్యాటరీలేసిన మామూలు టేప్‌రికార్డరులో పట్టినవి. కొన్నిటికి బూజు పట్టింది. కొన్నిట్లో పాటకంటే బయట బస్సుల హారన్లే ఎక్కువ వినిపించాయి.

ఆమె వాటిని ఒక్కొక్కటిగా వినడం మొదలుపెట్టింది. ఈసారి హెడ్‌ఫోన్లు లేకుండా, ముందుగదిలో. నన్ను కూడా కూర్చోమనేది. నేను చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వినేదాన్ని. క్యాసెట్టులోకి ఎక్కని పాటలు, సగంలో ఆగిపోయిన పాటలు, అదే పాట నెమ్మదిగా వాయించినవి, ఒకసారి కరెంటు పోయి డ్రమ్స్ ఒక్కటే మిగిలినది. మంచిది దొరికితే ఆ క్యాసెట్టు వెనక మూలనున్న చిన్న ప్లాస్టిక్ ముక్కని పిన్నీసుతో విరిచేసేది. అది విరిస్తే ఇంక దానిమీద వేరేది రికార్డు కాదట. "ఇగ దీని మీద ఎవ్వరూ ఎక్కరు" అనేది.

వాటన్నిటినీ కలిపి ఒక క్యాసెట్టు చెయ్యాలని అప్పుడే అనుకుంది. ఎవరు కొంటారని మా ఆయన అడిగాడు. ఆమె కాస్త ఆలోచించి, "గవి పక్కకు పెట్టినయ్ అన్నా, పారేసినయ్ కాదు" అంది.

మిగతావాళ్ల దగ్గర ఏమున్నాయోనని బయల్దేరింది. డ్రమ్స్ అతను అప్పటికి బదిలీ మీద వచ్చి రామంతాపూర్‌లో ఇల్లు తీసుకున్నాడు. అటకంతా వెతికి రెండు క్యాసెట్లు ఇచ్చాడు. పాడే అతను అప్పటికి పాస్టరయ్యాడు. అతని దగ్గరకు నేనూ తోడు వెళ్లాను. మొహమాటపడుతూ ఒకటి తెచ్చి, దానిమీద ప్రార్థనలు రికార్డు చేసుకున్నానని చెప్పాడు. ఇంటికొచ్చి పెట్టి చూశాం. దాదాపు చివరిదాకా అతని ప్రార్థనే. ఆమెన్ అన్నాక టేపు కాస్త మిగిలింది. ఆ మిగిలిన దాంట్లో ఒక పాట నడిమధ్యలోంచి అందుకుంది, అదే గొంతు, పదేళ్ల కిందటిది, పైకి లేచి లేచి పాడుతోంది. మా ఆడబిడ్డ దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంది, ఆ ఆమెన్‌తో సహా. పాస్టరుగారికి ఫోను చేసి అడిగితే సరేనన్నాడట.

మద్రాసుకి ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. కొన్ని వారాలకు గిటార్ అతని అమ్మ కొంగులో చుట్టుకుని ఒక క్యాసెట్టు తెచ్చి, కొడుకు పంపాడని చెప్పి ఇచ్చింది. అందులో ఒకటే పాట. సైరన్. షెడ్డులో వీళ్లిద్దరే ఉన్నప్పుడు పట్టినది, ఒక గిటారు, ఒక గొంతు. అలా పాడినట్టు ఆమెకే గుర్తు లేదు. పాట అయిపోయాక అతని గొంతు వినిపించింది, "ఇంకోపారి పాడుతవా?" అని. తర్వాత ఆమె నవ్వు. ఒకే ఇంట్లో అన్నేళ్లున్నా ఆమె అలా నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. నేను చిక్కుడుకాయల మీంచి తల ఎత్తలేదు. ఆమె లేచి టేపు ఆపి, కాసేపు కిటికీ దగ్గర నిలబడి, వచ్చి పిన్నీసు అందుకుంది.

హబ్సిగూడలో కంప్యూటరు మీద పాటలు చేసే ఒకాయన అన్నిటినీ వరసపెట్టి శుభ్రం చేసిచ్చాడు. సైరన్ చివర మాటలు కత్తిరిస్తానంటే వద్దంది. ఆయన సరదాపడి అదే పాటకు కంప్యూటరు దరువులు కలిపి ఒక రీమిక్స్ కూడా చేశాడు. ఆమె రెండుసార్లు విని, మంచిగానే ఉంది గానీ ఇది మేం కాదు అంది. అయినా రెండో వైపు చివర్లో దాన్నీ పెట్టించింది. రేపు ఎవరికో నచ్చొచ్చు, వాళ్లను మనమెందుకు ఆపడం అంది. క్యాసెట్టుకు "మిగతావి" అని పేరు పెట్టింది. అట్ట మీద నలుగురి పేర్లూ కంపెనీ టైపు మిషన్ మీద తనే కొట్టింది.

ఆ క్రిస్మస్‌కు చర్చి స్టాల్లో పెట్టారు. కొద్దిగా అమ్ముడయ్యాయి. డ్రమ్స్ అతను మా ఇంటికొచ్చి మొత్తం విన్నాడు, మోకాళ్ల మీద వేళ్లతో వాయించుకుంటూ. పాస్టరుగారు ఒకటి తీసుకుని సంచిలో అడుగున పెట్టుకున్నాడు. మద్రాసుకు ఒకటి పోస్టులో వెళ్లింది. ఆ ఎండాకాలమంతా ఆమె ఎదురుచూసింది. నోటితో ఒక్కసారీ అనలేదు. పక్కింట్లో ఫోను మోగితే మాత్రం చేస్తున్న పని ఆపి చెవి అటు పెట్టేది. వాళ్లు ఎత్తి తమవాళ్లతో మాట్లాడుకోవడం మొదలుపెట్టాక మళ్లీ పనిలో పడేది. వానలు పడ్డాక అదీ మానేసింది. ఒకసారి నేనే ఉండబట్టలేక, బాధగా ఉందా అని అడిగాను. "బాధేం లేదు వదినా. ఒక్కసారి మంచిగుందంటే బాగుండు" అంది.

పోయిన నెల ఆమె పోయాక కబురు ఎవరు పంపారో తెలియదు. మట్టి చేసేరోజు ముగ్గురూ వచ్చారు. ప్రార్థన నడిపింది పాస్టరుగారే. డ్రమ్స్ అతను ఎండలో తల మీద రుమాలు వేసుకుని నిలబడ్డాడు. మద్రాసు అతను సరాసరి స్టేషన్ నుంచి వచ్చాడు, చేతిలో సంచి కూడా ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకునే ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. నా దగ్గరకొచ్చి, ఆ క్యాసెట్టు రోజూ వింటానని చెప్పాడు. ఆమెకు ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేదని నేనన్నాను. "ఏం రాయాల్నో తెల్వలేదక్కా" అన్నాడు. నాకు కోపం రాలేదు. కోపం తెచ్చుకోవాల్సిన ఆమే లేదు.

పెట్టెను దించుతుంటే చర్చివాళ్లు ఒక కీర్తన ఎత్తుకున్నారు. అందరూ ఒకే రాగంలో పాడుతున్నారు. రెండో చరణానికి ఆ ముగ్గురూ, వేరువేరు చోట్ల నిలబడినవాళ్లే, చిన్నప్పుడు క్వయర్‌లో నేర్చుకున్న తమ తమ భాగాల్లోకి వెళ్లిపోయారు. ఒకరిది పైన, ఒకరిది మధ్యలో, ఒకరిది అడుగున. ముగ్గురికీ నడుమ, నాలుగో గొంతు ఉండాల్సిన చోట, ఖాళీగా ఉంది. అక్కడికి వచ్చినప్పుడల్లా ముగ్గురూ కాస్త తగ్గించి పాడారు, ఎవరో అందుకుంటారన్నట్టు. చుట్టూ ఉన్నవాళ్లు మట్టి వేయడం మొదలుపెట్టారు. ముగ్గురూ ప్రతి చరణంలోనూ ఆ చోటు అలాగే వదిలి, పాట చివరిదాకా పాడారు.