సుభాషిణి విన్న గుండె మాట

సుభాషిణి పిట్టంత మనిషి. నెత్తురు గొట్టం చేతికొస్తే మాత్రం సూదిలో దారం ఎక్కించేదానిలా ఊపిరి బిగబట్టేస్తుంది. కాలేయం గట్టిపడుతున్నా, రక్తనాళం పూడుకుపోతున్నా, నొప్పి కంటే ముందే నెత్తురులో గుర్తు కనిపిస్తుందట. ల్యాబులో మిషిన్ పెట్టి ఆ గుర్తును వెతకడమే ఆమె పని. పోల్చి చూడటానికి రోగం లేనివాళ్ల నెత్తురూ కావాలంటే, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే మా ముసలాయన ఇచ్చాడు. వారం తిరక్కుండా ఆమే మా ఇంటికొచ్చింది.

"తాత నెత్తుర్ల గుర్తు కనవడ్డది అమ్మమ్మా. జర దవాఖానకు పోదాం."

"బస్తాలు మోసేటోనికి రోగమేంది బిడ్డా? ముందుగాల నీ మిషిన్ను తీస్కపో దవాఖానకు!" అన్నాను.

నవ్వింది గానీ, ఆయన చొక్కా తొడుక్కునేదాకా అరుగు దిగలేదు. దాదాపు మూసుకుపోయిన గుండె నాళాన్ని దవాఖానలో తెరిచారు.

ఇన్నేళ్లు ఆ ఛాతీ మీద చెయ్యేసి పడుకున్నాను. నాకు ఒక్క ముక్క చెప్పని ఆ గుండె, వేలెడు గొట్టంలోంచి ఆ పిల్లకు అంతా చెప్పేసింది!