మోకు ఒరిసిన చోట వాలిన ఈగ

మొన్న ఆదివారం మా మేనల్లుడు వచ్చి నున్నటి కాగితాలు నాలుగు నా ఒళ్లో పెట్టి, "చూడత్తా, మన పురుగు అచ్చులో పడింది" అన్నాడు. మన పురుగట. వాడు మా ఆయన చెల్లెలి కొడుకు. రాజమండ్రిలో కాలేజీ పిల్లలకి పురుగుల పాఠం చెబుతాడు. నాకు సంతకం తప్ప చదువు రాదని తెలిసీ కాగితాలు తెచ్చాడు. మొదటి కాగితం మీద ఈగ బొమ్మ అన్నం కంచమంత చేసి వేశారు. నల్లటి ఒళ్లు, పసుపు పట్టీలు, పిడికెడు నడుము. చూసినవాళ్లు కందిరీగ అనే అంటారు. అది ఉత్త ఈగ. కుట్టడం చేతకాక, కుట్టేదాని చీర అరువు తెచ్చుకుని తిరుగుతుంది. ఇంతవరకు లోకంలో ఎవరి కంటా పడని జాతి అని వాడు ఇంగ్లీషులో రాశాడట. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ నేను దాన్ని చూస్తూనే ఉన్నాను. మరి లోకంలో నేను లేను కాబోలు. నేను చెబుతుంటే ఇది రాసిపెడుతున్న మా తోడికోడలూ చూసింది. ఆ లోకంలో ఆవిడా లేదన్నమాట.

మా ఇల్లు మొగల్తూరు అవతల ఉప్పుటేటి గట్టు మీద. వాకిట్లో నిద్రగన్నేరు చెట్టు. పడవ కట్టుకోవడానికి గట్టున ఒక గుంజ పాతమని పెళ్లయిన మూడో రోజే మా ఆయనకి చెప్పాను. రేపు పాతుతానన్నాడు. ముప్ఫై ఏళ్లు రేపే అన్నాడు. అలాంటి బద్ధకస్తుడు ఈ ఏటి పొడవునా ఉండడు. తుపాను గాలిలో వల వేయమంటే వేస్తాడు గానీ గుంజ పాతమంటే నడుం నొప్పి వచ్చేది. పొద్దున విప్పిన మోకు సాయంత్రం మళ్లీ ఆ చెట్టుకే, అదే ఎత్తున, అదే ముడి. పోటుకి పడవ లేచినప్పుడూ పాటుకి దిగినప్పుడూ ఆ మోకు చెట్టుని ఒరుసుకునేది. అలా బెరడు పోయి, మానుకి ఏటి వైపున నా అరచెయ్యి దూరేంత గాడి పడింది. అందులోంచి పుల్లకల్లు వాసనతో జిగురు కారేది. ఆ జిగురు కోసమే ఈ పగటివేషం ఈగలు వచ్చి, రెక్కలు కనపడకుండా ఆడిస్తూ గాలిలో కదలకుండా నిలబడేవి. మా ఆయన ఒకదాన్ని గుప్పిట్లో పట్టి నా చెవి దగ్గర వదిలేవాడు. చీపురు అక్కడే పారేసి గట్టంతా పరిగెత్తేదాన్ని. ఇంటిల్లిపాదికీ బువ్వ పెట్టే ఆడదాన్ని ఈగతో బెదిరించడం ఆయనకి ఒక ఘనకార్యం. అది కందిరీగ కాదని ఆయనకెలా తెలిసిందని అడిగితే, "కుట్టేవాడు ఇంతసేపు నిలబడి బెదిరించడే. కుట్టి పోతాడు" అన్నాడు. జీవితంలో ఆయన చెప్పిన తెలివైన మాట అదొక్కటే, అదీ ఈగ గురించి.

ఆయన పోయి అయిదేళ్లు. పడవ గట్టునే చివికి పొయ్యిలోకి పోయింది. ఫొటో ఒకటుంది గానీ అది పెళ్లిలో తీసింది. అందులో ఉన్న కుర్రాడు నేను కాపురం చేసిన మనిషి కాదు. మా ఆయన చేతి గుర్తు అని నాకు మిగిలింది చెట్టుకున్న ఆ గాడి ఒక్కటే. మోకు ఒరుపు లేకపోయినా జిగురు కారుతూ అది మానలేదు. ఊళ్లో చేపలమ్మి వచ్చి, గంప దించి, ఆ గాడిలో చెయ్యి పెట్టి కాసేపు నిలబడేదాన్ని. ఏడవడానికి కాదు, ఒక గుంజ పాతలేని మనిషిని ఆ వేళకి నాలుగు తిట్టడానికి.

పోయిన వేసవిలో మేనల్లుడు దోమతెర గుడ్డతో కుట్టిన వల ఒకటి పట్టుకుని దిగాడు. మా ఆయన పోయినప్పుడు పెద్దకర్మ నాడు కూడా తీరిక లేనివాడు. వెంట వాళ్ల పెద్ద సారు. ఆయన నన్ను చూసి, "ఎవరండీ ఈవిడ?" అని అడిగితే, మావాడు చెప్పులు విప్పుకుంటున్నట్టు తల దించుకుని, "తెలిసినవాళ్లండి" అన్నాడు. వీడి తండ్రీ మా ఆయనా ఒకే వల లాగారు. వీడు ఆ మోకు పట్టుకుని ఊగుతూ ఏట్లో పడితే, జుట్టు పట్టి లాగింది నేను. పేంటూ చొక్కా తొడుక్కుంటే చేపల కంపు పోతుందనుకున్నాడు. ఇద్దరూ వలతో ఈగ చుట్టూ కోతుల్లా గెంతుతూ, దగ్గరికొస్తే వెనక్కి దూకారు. చూడలేక నేనే ఒకటి గుప్పిట పట్టి సీసాలో వేశాను. సారు నా చెయ్యి వాచిందేమోనని చూశాడు. "ఎన్ని కావాలంటే అన్ని పట్టుకుపోరా. ఆ గాడి జోలికి మాత్రం పోకు. అది మీ మావయ్యది" అన్నాను. "నాకు తెలియదా అత్తా" అన్నాడు, సారు వినకుండా.

మర్నాడు నేను గంపతో ఊళ్లోకి వెళ్లాక వచ్చారు. ఈగ పిల్లలు ఆ జిగురులోనే పురుగులై బతుకుతాయట. ఉలి పెట్టి గాడినంతా, రెండు పక్కలా బెత్తెడు కలిపి, చెక్కుకుపోయారు. నేను తిరిగొచ్చేసరికి చెట్టుకి తెల్లటి పుండు. కింద పొట్టు కూడా లేదు, ఊడ్చి మరీ పట్టుకెళ్లారు. ఆ ఒక్క పని శుభ్రంగా చేశారు. ఆ తరవాత ఆ ఈగ ఒక్కటి రాలేదు. ఇక్కడ తప్ప ఇంకెక్కడా దొరకదని వాడు రాశాడు. ఇప్పుడు ఇక్కడా దొరకదు.

అందుకే మొన్న కాగితాలు ఒళ్లో పెట్టగానే, చెట్టు గురించి ఏం రాశావో తెలుగులో చెప్పమన్నాను. గొంతు సవరించుకుని చెప్పాడు. ఏటి గట్టున ఒక ముసలి చెట్టు, దాని మానుకి పాత గాయం, గాయానికి కారణం తెలియదు. ఈగకి మాత్రం వాళ్ల పెద్ద సారు పేరు పెట్టాడు.

"తెలియదా నీకు?"

"తెలుసత్తా. అలాంటివి రాయరు. ఆధారం చూపించాలి."

"ఆధారం నువ్వే చెక్కుకుపోయావు కదరా."

ఆ చెక్క తిరిగి ఇచ్చెయ్యమన్నాను. అది కాలేజీ బీరువాలో, సీసాలో, నంబరు వేసి ఉందట. ఇక దాన్ని వాడు కూడా బయటికి తేకూడదట. అంత సేపూ నేను వండిన మట్టగిడస పులుసు మూడుసార్లు వేయించుకుని తిన్నాడు. సిగ్గు లేకపోయినా నాలుక ఉంది, అది మా వంశానిది. వాడు చెయ్యి కడుక్కునేలోగా మా తోడికోడల్ని పిలిచి, ఈగ బొమ్మ వెనక తెల్లగా ఉన్న చోట, "ఈ గాయం పడవ మోకుది. కట్టినవాడు నా మొగుడు" అని రాయించాను. కింద నా సంతకం పెట్టాను. ఆ కాగితాన్ని సీసా పక్కన పెట్టమని వాడి సంచిలో కుక్కాను. సారుని అడగాలన్నాడు. నీ మావయ్య ఎవరో చెప్పడానికి కూడా సారుని అడుగుతావా అన్నాను. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పెడతాడో, బస్సు కిటికీలోంచి పారేస్తాడో నాకు తెలియదు.

చెక్కిన చోట చెట్టు అంచుల నుంచి బెరడు పోసుకొస్తోంది. నాలుగైదేళ్లలో అంతా పూడిపోతుందని మా తోడికోడలు సంబరంగా చెబుతుంది. అన్నిటినీ మాన్పుతుందని కాలాన్ని అందరూ పొగుడుతారు గానీ, ఏది మానకుండా ఉంచాలో ఒక్కసారి అడిగి తెలుసుకునే బుద్ధి దానికీ లేదు.