చీపురుపల్లిలో మోతీకి చోటు

రాజాంలో మా చెల్లెలి ధాన్యం కొట్టుకు ఎవరో కన్నం వేశారు. "అన్నయ్యా, మీ మోతీని నాకిచ్చెయ్, అది గుమ్మంలో ఉంటే నాకు కన్ను మూతపడతాది" అని కబురు పంపింది. మోతీ విజయనగరంలో మా కిరాణా కొట్టు కాపలా కుక్క. పరాయి చేతి మెతుకు ముట్టదు, నీళ్లు కూడా తాగదు. దొంగలు మందు కలిపిన అన్నం పడేస్తారని మా వర్తకుల ఇళ్లలో కుక్కలకు చిన్నప్పుడే ఈ అలవాటు చేస్తారు. వచ్చినవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి. కుక్కతో ప్రయాణం పెట్టుకునేవారు ఆ మురిపెం దారిలో ఎంత పని చేసిందో తెలుసుకుంటారని ఇది రాస్తున్నాను.

పొద్దున్న పాసింజరు ఎక్కాం. కుక్కకు వేరే టికెట్టు తీసి, గార్డు పెట్టెలోని ఇనప గూట్లో పెట్టాలి. నెల్లిమర్లలో దిగి చూస్తే మోతీ మూలకు ముడుచుకుని వణుకుతోంది. "నీల్లెట్టాను బాబూ, మూతైనా ఎట్టలేదు" అన్నాడు అక్కడి పనివాడు. "పరాయి చేతివి తాగదులే" అని నవ్వేసి, బండి కదులుతుంటే నా పెట్టెకు పరుగెత్తాను.

చీపురుపల్లిలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేక బస్సులు బొగ్గు పొయ్యితో నడుస్తున్నాయి కదా, రాజాం బస్సుకు ఆ పొయ్యే చెడింది. "రేపు పొద్దున్నే బాబూ" అన్నాడు డ్రైవరు. సత్రానికి వెళ్తే అరుగు మీదే ఆపేశారు. "మడి వంట సాగే చోటు. మీరు రావచ్చు, అది రాకూడదు" అన్నాడు సత్రం పెద్ద. కాఫీ హోటలాయన గరిటెతోనే బయటికొచ్చాడు. "ఏటి బాబూ, ఈ ఊల్లోకి కుక్కనొట్టుకొచ్చారా? మొన్న సంతలో పిచ్చికుక్క జనాన్ని కరిసీసింది. కొత్త కుక్క కనపడితే కర్రలట్టుకు తిరగతన్నారు."

మోతీ ఎవర్ని చూసినా మొరుగుతోంది. అందరి కళ్లూ పడతాయని కండువా తీసి దాని మూతికి కట్టాను. అంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు. నోరు తెరిచి రొప్పే వీల్లేక, కండువా అంచుల్లోంచి సొంగ కారడం మొదలైంది. "సొంగ కారతన్నాది, పిచ్చిదే" అని వెనక ఎవరో అన్నారు. తిరిగి చూస్తే కర్రలతో నలుగురు. పరుగెత్తితే అక్కడే కొట్టి చంపేస్తారని నడుస్తూనే ఉన్నాను.

రోడ్డు చివర బళ్ల దొడ్డి కనిపిస్తే అందులోకి దూరాను. నెల్లిమర్ల మిల్లుకు గోగునార తోలే బళ్లు ఆగే చోటది. దాన్ని నడిపే పైడమ్మ ఎడ్లకు కుడితి కలుపుతోంది. నా వెనకే కర్రలూ వచ్చాయి. పైడమ్మ ముందున్నవాడి వైపు చూసింది.

"అప్పన్నా, కర్ర దించు. నీల్లెట్టి సూద్దాం. పిచ్చిదైతే నీల్లు సూసి జడుసుకుంటాది. తాగితే నా దొడ్లోనే ఉంటాది. తాగకపోతే మీ ఇష్టం."

ఆ పరీక్ష ఎంతవరకు నిజమో నాకు తెలియదు, కానీ మోతీ ప్రాణం దానిమీదే ఉంది. నేను కండువా విప్పాను. ఆమె మూకుడుతో నీళ్లు పెట్టింది. మోతీ వాసన చూసి తల తిప్పేసుకుంది. అప్పన్న కర్ర లేచింది.

"నా చేత్తో ఇస్తే తాగుతుంది" అంటూ అడ్డుపడ్డాను.

"దగ్గరికెల్లకండి సావుకారూ, కరిస్తే మీ పేనం మీదకొస్తాది" అని అప్పన్న నా జబ్బ పట్టుకున్నాడు.

అప్పుడు నాకూ భయం పుట్టింది. ఆ ఇనప గూట్లో మోతీకి ముందు ఏ కుక్కను పెట్టారో? ఇది నిజంగానే నీళ్లకు జంకుతోందా? రోజూ నా గుమ్మంలో పడుకునే కుక్క మొహం చూడటానికి భయమేసింది.

"ఆయన్ని ఒగ్గీరా" అంది పైడమ్మ.

దోసిలి పట్టి మోతీ మూతి కింద పెట్టాను. వేళ్ల సందుల్లోంచి సగం నీళ్లు నేలపాలయ్యాయి. అది నా మొహంలోకి చూసి, నాలుక చాపి, దోసిలి ఖాళీ అయ్యేదాకా తాగింది. మళ్లీ పట్టాను, మళ్లీ తాగింది. నాకు ఏడుపొచ్చేసింది.

"సావుకారు కుక్క కదా, నీల్లకీ బేరమాడినాది" అంటూ అప్పన్న కర్ర గోడకు ఆనించాడు.

"బండి ఇరుసుకి కట్టండి బాబూ. బండి కింద కుక్కని ఎవుడూ ఏటీ అనడు" అంది పైడమ్మ. ఇద్దరికీ కలిపి అణా తీసుకుని, నాకు గంజి కూడా పోసింది.

కుక్కతో బయలుదేరేవారికి నేను చెప్పేది ఒక్కటే: ముందు కొన్నాళ్లు ఇరుగుపొరుగు చేతి నీళ్లు తాగడం దానికి అలవాటు చేయండి. మర్నాడు రాజాం చేరాక, మా చెల్లెలి దోసిట్లో మోతీ నీళ్లు తాగేదాకా నేను కదల్లేదు. తిరుగు బస్సులో నా అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాను. ఆ దొడ్లో అందరూ దాన్ని అనుమానించారు, నేను కూడా. అది మాత్రం నన్ను అనుమానించలేదు.