మైనం చేతులు, కనబడని పిల్లి

మా పెదనాన్న చేతిలో మైనం బొమ్మ మర్నాటిదాకా నిలిచిన పాపాన పోలేదు. ఆయన కంచు శిల్పి. ముందు మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి అచ్చు కట్టి, మైనం కరిగించేసి, ఆ ఖాళీలో కంచు పోస్తారు. కానీ వ్యవహారం కంచుదాకా వస్తే కదా! ముప్పై ఏళ్ళలో ఆయన పూర్తిచేసినవి ఏడే ఏడు శిల్పాలు. ఏడూ గ్రీకుల ప్రేమకథలే, అన్నీ జంటలే.

"పిల్లి తొక్కేసిందండీ, రేపు మళ్ళీ రండి" అనేవారు, బొమ్మకి నమూనాగా కూర్చున్నవాళ్ళతో. ఆ పిల్లిని ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఇంట్లో దానికి పాలగిన్నె కూడా లేదు. కరెంటు మేస్త్రీ దంపతులు పద్నాలుగు రోజులు కూర్చున్నారు. "ఆ పిల్లిని కట్టేసుకోండి మహాప్రభో!" అని మేస్త్రీ దణ్ణం పెడితే, "కడదామంటే దొరికితేగా!" అన్నారు పెదనాన్న.

ఎనిమిదో శిల్పం, ఒక గ్రీకు రాజూ రాణీ జంట, గ్రంథాలయం వాళ్ళు అడిగారు. దానికి నమూనాగా పెదనాన్న నన్నూ మా ఆయన్నీ పిలిచారు. పిలవడానికి అంతకన్నా చెడ్డ సమయం లేదు. మా ఆయన నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వేరే ఊరికి బదిలీ ఒప్పుకుని సంతకం పెట్టేశారు. నేను రానన్నాను. పెట్టెలు సర్దడం అయింది, ఆయనవి మాత్రమే. పదిహేను రోజుల్లో ప్రయాణం. వెళ్తే మళ్ళీ ఒక ఇంట్లో ఉంటామన్న నమ్మకం నాకు లేదు.

"చేతులు చాలు. రాజుగారిదొకటి, రాణిగారిదొకటి. పట్టుకోండి" అన్నారు పెదనాన్న.

ఎడమొహం పెడమొహంగా కూర్చుని పట్టుకున్నాం.

"పెదనాన్నా, కొందరి చేతులకి ఒకటే చెమట. తుడుచుకోమను."

"మామయ్యగారూ, కొందరికి గోళ్ళు తీసుకునే తీరిక లేదు."

"కదలకండి!" అన్నారాయన, ఇద్దరి మాటా విననట్టే.

మర్నాడు పిల్లి తొక్కేసింది. ఆ మర్నాడూ తొక్కేసింది. నాలుగో రోజు కిటికీలోంచి దూకి మరీ తొక్కేసింది. ఇంట్లో మాటల్లేని మేము, రోజూ గంటసేపు చేతులు పట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

పని చేస్తూ పెదనాన్న ఆ రాణి కథ చెప్పేవారు. రాజు యుద్ధానికి వెళ్ళి ఇరవై ఏళ్ళు రాలేదు. ఆవిణ్ణి పెళ్ళాడతామంటూ ఇంటినిండా జనం దిగారు. "ఈ బట్ట నేయడం కానివ్వండి, అప్పుడు చూద్దాం" అని, పగలు నేసిందంతా రాత్రి విప్పేసేదట.

తొమ్మిదో రోజున మా ఆయన ఉన్నట్టుండి అడిగారు: "రాజు వెళ్ళేముందు ఆవిడతో చెప్పాడా, మామయ్యగారూ?"

"చెప్పే ఉంటాడు. ఆ మాత్రం మర్యాద తెలిసినవాడు" అన్నాను నేను.

ఆయన చెయ్యి బిగిసింది. "నువ్వు వద్దంటావని భయపడి చెప్పలేదు. తప్పు నాదే. బదిలీ వద్దని రేపే రాసిచ్చేస్తాను."

"రాయకండి. ముందు ఆ ఊరేదో నాకూ చూపించండి. నచ్చితే నా పెట్టె కూడా సర్దుతాను." నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"కదలకండి!" అని అరిచారు పెదనాన్న.

ఆ రోజు చేసిన మైనాన్ని పిల్లి ముట్టుకోలేదు.

శిల్పం నిలబెట్టే రోజు, తుడవడానికి మెత్తటి గుడ్డ కోసం పెదనాన్న పనిగదిలో బీరువా తెరిచాను. లోపల మైనం చేతులు, ఎనిమిది జతలు. ఒక్కదానిమీద గీత కూడా లేదు. ప్రతిదాని కిందా పేర్లూ, తేదీ. మొదటి జతలో మా వేళ్ళు అంటీముట్టనట్టున్నాయి. తర్వాత రోజుకో వేలు దగ్గరపడింది. ఎనిమిదో జతలో నా బొటనవేలు మా ఆయన మణికట్టు మీదుంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు. కింది అరలో కరెంటు మేస్త్రీ దంపతులవి పదమూడు.

"పెదనాన్నా! పిల్లి ఏదీ?"

ఆయన తల గోక్కున్నారు. "రాణి విప్పితే తెలివన్నారు, నేను దాస్తే తప్పా? మీ ఇద్దరికీ కాస్త గడువు కావలసొచ్చింది తల్లీ."

ముప్పై ఏళ్ళుగా ఊరు ఆయన్ని చేతకానివాడని నవ్వింది. నేనూ నవ్వాను. అది తలుచుకుని సిగ్గేసింది.

ఇంతలో గుమ్మంలోకి టైలరూ భార్యా వచ్చారు, ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత ఎడంతో. తర్వాతి శిల్పానికి నిన్ననే మొదటిసారి కూర్చున్నారట.

"మా బొమ్మ అయిపోయిందాండీ?"

పెదనాన్న నోరు తెరిచేలోపే నేను బీరువా తలుపు వీపుతో మూసేశాను.

"ఎక్కడండీ! పిల్లి తొక్కేసింది. అదీ ఒకటి కాదు, ఈసారి రెండు పిల్లులు."