ఇరవై మూడు ప్రమాదాలు, ఒక ముఖ్య వాలంటీర్

నా కాలికి ఈ కట్టేమిటని అందరూ అడుగుతున్నారు కదా, చెప్తా వినండి. టీ కప్పులు మాత్రం ముందు కింద పెట్టండి. నవ్వితే మీద పోసుకుంటారు, ఆ కాలిన గాయాలకు నా బాధ్యత లేదు. ఈ మాట ఈ మధ్య ఎన్ని కాగితాల మీద రాశానో, నోటికి అలవాటైపోయింది!

ఆదోనిలో మా డిగ్రీ కాలేజీలో నేను కామర్స్ చెప్తానని మీకు తెలుసు. విద్యార్థుల సేవాదళం కూడా నా నెత్తినే ఉంది. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు ఏటా ఇరవై మంది పిల్లల్ని తీసుకెళ్తాం. బస్సు దిగినవాళ్ళకు నీళ్ళివ్వడం, జనాన్ని వరసలో నిలబెట్టడం, తప్పిపోయిన ముసలివాళ్ళను వాళ్ళ మనుషుల దగ్గరికి చేర్చడం, ఇదీ పని. ఇన్నేళ్ళలో ఒక్క పిల్లకు ముల్లు కూడా గుచ్చుకోలేదు. అంత బాగా నడుస్తున్న పనిని ఊరికే వదిలేస్తారా? యూనివర్సిటీ నుంచి సర్క్యులర్ వచ్చింది. సేవకు పోయే విద్యార్థుల భద్రత, గాయాలు, చట్టపరమైన బాధ్యత. పద్నాలుగు పేజీలు! కాలేజీకొక రిస్క్ కోఆర్డినేటర్ ఉండి తీరాలట. స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ తల ఎత్తేసరికి అందరూ తలలు దించేశారు. నేను సమోసా తుంచుతూ ఒక్క క్షణం ఆలస్యం చేశాను.

"మీరే సార్" అన్నాడు. "ఒక్క పిల్లకి గీత పడినా మన సేవాదళం యూనిట్ మూసేస్తారంట. ఇంట్లోవాళ్ళ సంతకంతో హామీపత్రం లేని పిల్ల బస్సెక్కకూడదు."

యూనిట్ మూసేస్తారన్న మాటకు నిజంగా భయమేసింది. ఏడాదంతా నిద్రపోయే క్లాసుకు పాఠం చెప్పేవాణ్ణి. మనిషికి పనికొస్తున్నానని అనిపించేది ఉరుకుందలో ఆ రెండు రోజులే. అందుకే ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాను. వారం కూర్చొని ప్రమాదాల పట్టిక రాశాను. ఎండదెబ్బ, తొక్కిసలాట, కుక్క, పాము, కొబ్బరిచిప్ప కాలికి గుచ్చుకోవడం... మొత్తం ఇరవై మూడు. ఒక్కోదానికి నివారణ కూడా రాశాను. నాలుగోది నాకు బాగా గుర్తు: 'స్టూళ్ళు, కుర్చీలు మొదలగు వాటిపై ఎక్కి నిలబడరాదు.'

తర్వాత జాకెట్లు కుట్టించాను. నారింజ రంగు. వీపు మీద అడుగెత్తు అక్షరాలతో 'వాలంటీర్'. నాది మాత్రం 'ముఖ్య వాలంటీర్'. ఆ 'ముఖ్య' ఎవరూ చెప్పలేదు, నేనే వేయించుకున్నాను.

అవి చూసి ఉమ అనే అమ్మాయి నసిగింది. ఫైనలియర్, మా దళంలో అందరికంటే బుర్ర ఉన్న పిల్ల. "సార్, ఆ మాట వద్దు సార్. సేవాదళం అని ఏద్దాం. మా ఈదిలో వాలంటీర్ అంటే ఏరే సార్."

"ఉమా, దూరం నుంచి కనపడటం భద్రతకు మొదటి మెట్టు. సర్క్యులర్‌లో మూడో పేజీ చదువు" అన్నాను. చదివినవాణ్ణి కదా మరి!

పంతొమ్మిది మంది ఇళ్ళలో హామీపత్రం మీద సంతకాలు చేసిచ్చారు. ఉమవాళ్ళింట్లో చేయలేదు. నేనే ఎమ్మిగనూరు పోయాను. వాళ్ళమ్మ ఈరమ్మ మగ్గం మీద కూర్చొని ఉంది. ఉమ కాగితం చదివి వినిపించింది. 'ప్రాణహాని' అన్నచోట మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"ఏమి సారూ, నా బిడ్డని జాతరకి తోలుకపోతాండావా, యుద్ధానికా?"

"రూల్ అమ్మా. ఏమీ కాదు."

"ఏమీ కానప్పుడు ఈ కాగితమెందుకు? ఏమన్నా అయితే కాలేజీవాళ్ళు సూసుకుంటారా?"

"చూసుకోరనే కదమ్మా ఇందులో రాసింది" అనేశాను. నా నిజాయితీ తగలెయ్య!

ఈరమ్మ కాగితం పక్కకు తోసింది. "సరే, పిల్లని తోలుకపో. నేనే ఉరుకుందకి వస్తా. ఆడ నా కండ్లతో సూసి, బాగుంటే అప్పుడు ఏలు ఒత్తుతా."

ఇప్పుడు నా ఇరకాటం చూడండి. ఉమ లేకుంటే పని నడవదు. కాగితం లేని ఉమకు గీత పడితే యూనిట్ ఉండదు. చివరికి ప్రిన్సిపాల్‌కు చెప్పకుండా ఉమను బస్సెక్కించాను. ఈరమ్మ వస్తే వెంటనే ముద్ర వేయించడానికి వేలిముద్రల డబ్బా, ఒక కట్ట ఖాళీ హామీపత్రాలు సంచిలో పెట్టుకున్నాను.

ఉరుకుందలో బస్సులు ఆగేచోట షామియానా కింద బల్ల వేశాను. బల్ల మీద డబ్బా, కాగితాలు. ఉమను నా కళ్ళ ముందే, ఎండ తగలకుండా, నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబెట్టాను. ఆ పిల్ల చెంబు ఎత్తినా నేను కుర్చీలోంచి సగం లేస్తున్నాను. పది దాటేసరికి ఒక అవ్వ వచ్చి నా వీపు వైపు చూసింది, బల్ల మీద డబ్బా చూసింది, వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె వెనక ఇంకో అవ్వ. ఆ వెనక ఇద్దరు తాతలు. ఎవరూ తోసుకోలేదు, ఎవరూ అరవలేదు. అంత చక్కటి వరసను మా పిల్లలు పొద్దుటినుంచీ నిలబెట్టలేకపోయారు!

నేనేమనుకున్నానో తెలుసా? పిల్లల అవ్వలు, తాతలు అనుకున్నాను. భద్రత మీద జనంలో ఇంత అవగాహన వచ్చిందా అని మురిసిపోయాను.

"రా అవ్వా, కూర్చో. పిల్ల పేరేమి?"

"యా పిల్లప్పా? ఇద్దరు కొడుకులుండారు, ఇద్దరూ సూడరు. నేనొక్కదాన్నే."

పాపం అనుకొని 'విద్యార్థి పేరు' అన్నచోట గీత గీసి వేలు పట్టుకొని ముద్ర వేయించాను.

"బాగ పడిందా సూడప్పా. పోయిన తూరి మిషన్ల పడలేదన్నారు."

"భేషుగ్గా పడిందవ్వా!"

మిషనేమిటని నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. అలా ఒక కట్ట కాగితాలు ఖర్చుపెట్టాను. చివరికి ఒకామె ముద్ర వేసి, లేవకుండా అలాగే కూర్చుంది. "ఇన్ని దినాలు యాడ పోయినావప్పా? మా ఈది వాలంటీరు రాకుండాపోయినంక ఇట్ల కూసోబెట్టి అడిగినోడే లేడు. సరే, పింఛను ఈడనే ఇస్తావా, ఇంటికి తెస్తావా?"

అప్పుడు వెలిగింది. మన ఊళ్ళలో వాలంటీర్ అంటే సేవాదళమూ కాదు, సర్క్యులరూ కాదు. పొద్దున్నే తలుపు కొట్టి, వేలిముద్ర తీసుకొని, పింఛను చేతిలో పెట్టిపోయిన మనిషి. నేనేమో వీపు మీద ఆ పేరు, అదీ 'ముఖ్య' అని వేసుకొని, వేలిముద్రల డబ్బా ముందు పెట్టుకొని కూర్చున్నాను! ఆమె నా చేతుల వైపు చూస్తుంటే నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను. అంత ఆశ పెట్టి నేనిచ్చిందేమిటి? 'ఏ గాయమైనా కాలేజీకి బాధ్యత లేదు' అన్న కాగితం.

ఈలోగా ముఖ్య వాలంటీర్ వచ్చినాడంట అని జాతరంతా పాకింది. వరస రోడ్డు దాకా పోయింది. ఉమ వచ్చి, "సార్, మీరు గమ్మునుండండి. నేను నిదానంగా సెప్తా" అంది. కోఆర్డినేటర్ నేనా, తనా? మైకు తీసుకొని, జనానికి కనపడాలని పక్కనున్న ప్లాస్టిక్ స్టూలు ఎక్కాను. అవునండీ, నాలుగో నిబంధన. రాసింది నేనే, మరిచిపోయిందీ నేనే.

"మేము ఆ వాలంటీర్లం కాదు!" అని అరిచాను. ఆ మైకు 'మేము'ను మింగింది, 'కాదు'ను నమిలింది. 'వాలంటీర్లం' ఒక్కటే ఉరుకుందంతా మోగింది. వెనకున్నవాళ్ళు సంతోషంగా ముందుకొచ్చారు. ఎవరూ నన్ను తోయలేదు, అబద్ధం చెప్పను. వాళ్ళకు దండం పెట్టబోయి నేనే వంగాను. స్టూలు కాలు ఫట్! ఒక చెయ్యి నీళ్ళ డ్రమ్ములో, ఒక చెయ్యి వేలిముద్రల డబ్బాలో, మడమ నా కిందే పడింది.

మందుల పెట్టె తెమ్మన్నాను. తెచ్చారు. దానికి తాళం! పెట్టెలో సామాను పోకుండా భద్రత కోసం తాళం వేయించింది నేనే. తాళంచెవి ఆదోనిలో, ప్రిన్సిపాల్ బీరువాలో భద్రంగా ఉంది.

సరిగ్గా అప్పుడు ఎమ్మిగనూరు బస్సు దిగి ఈరమ్మ వచ్చింది. ముందు కూతుర్ని పైనుంచి కింద దాకా చూసుకుంది. ఉమ అవ్వలందరినీ నీడన కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, పింఛను సంగతి వాళ్ళ ఊరి సచివాలయంలో అడగాలని ఒక్కొక్కరికీ చెప్తోంది. తర్వాత ఈరమ్మ నా వైపు తిరిగింది.

"నా బిడ్డ బాగుండాది. నువ్వేమి సారూ, ఈడ పండుకున్నావు?"

తన తువాలు నిలువునా చించి, నా మడమకు బిగించి కట్టింది. ఆదోనిలో ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదు, బెణికిందన్నారు. ఆ రోజు మా కాలేజీ మీద కేసు వేయలేమని జాతరలో సగం మంది ముద్ర వేసిచ్చారు. కేసు వేయగల హక్కున్న గాయం నాదొక్కటే.

మూడో రోజు ప్రిన్సిపాల్ ఫోన్. "పిల్లలెవరికీ ఏమీ కాలేదు, యూనిట్ ఉంటుంది. కానీ ప్రమాదం రిపోర్టుకు గాయపడిన వ్యక్తి హామీపత్రం జతచేయాలంట. మీది లేదే?" అందరిదగ్గరా రాయించుకున్నవాడికి తనదొకటి రాసుకోవాలని తోచదు కదా! ఫారం ఇచ్చి ఉమను పంపాడు. వెంట ఈరమ్మ, చేతిలో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు.

నేను సంతకం చేశాను. కింద సంరక్షకుల గడి ఖాళీగా ఉంది. ఏం రాసుందో చదవమంది ఈరమ్మ. ఉమ చదివింది: 'పై వ్యక్తికి జాగ్రత్తలు చెప్పి పంపుతున్నాను. పై వ్యక్తి మంచిచెడ్డలకు నాదే బాధ్యత.'

"ఇట్లియ్యి, నేను ఒత్తుతా" అంది ఈరమ్మ.

"నీ కూతురికే ఒత్తలేదు కదమ్మా!"

"దానికెందుకు సారూ, అది జాగ్రత్త తెలిసిన పిల్ల. నీకైతే ఎవరో ఒకరుండాల గదా!"

నేను నోరు తెరిచేలోపే సగం ఎండిన ఆ వేలిముద్రల డబ్బాలోనే వేలద్ది ఒత్తేసింది. అయితే ఇంకో గడి మిగిలింది, 'గాయపడిన వ్యక్తికి సంరక్షకులతో సంబంధం' అని. ఏం రాయాలో తోచక ఉమను అడిగాను.

ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ, "ఆమె సొంతంగా వచ్చి సాయం చేసింది కదా సార్. వాలంటీర్ అని రాయండి" అంది.