సైటుకొచ్చే మెయిళ్లు

పోచంపల్లి నుంచి హైదరాబాద్ పోయే బస్సు వానకు దారిల ఆగిపోయింది. అద్దాలన్నీ మూసిండ్రు, కదలనీకి జాగా లేదు. అప్పుడే ఒకామె ఫోన్ చేసి, చీర కోసం మా వెబ్‌సైటుకు మూడు మెయిళ్లు రాస్తే ఒక్కదానికీ జవాబు రాలేదని కోపం చేసింది. ఆ మెయిళ్లు నేను చూడలేదని చెప్పి ఫోన్ పెట్టేసిన.

పక్క సీట్ల ఒళ్లో ఫైలు పెట్టుకొని కూసున్నామె మెల్లగ అడిగింది: "మెయిళ్లు నువ్వు చూడవా చెల్లె?"

"మా బావ చూస్తడక్కా, మా ఆయనకు అన్న. పాస్‌వర్డ్ ఆయన దగ్గరనే ఉన్నది. అడిగితే ఆడోళ్లకెందుకంటడు."

నేసేది నేనే, సైటు పెట్టించింది నేనే.

"సైటు పేరు ఎవరి మీదున్నది?"

"నా మీదనే, నా ఫోన్ నంబర్ మీదనే."

"గట్లయితే మెయిళ్లు యాడికి రావాల్నో చెప్పేది గూడ నువ్వే. వేరే మెయిల్ సర్వీసుల నీ అకౌంట్ తెరిచి, సైటు సెట్టింగులల్ల దాన్ని కలిపితే మెయిళ్లు ఇగ నీకే వస్తయి."

నా ఫోన్ తీసుకొని ఆ సెట్టింగుల పేజీ చూపించింది గానీ, ఏదీ నొక్కలే. ఫోన్ నా చేతుల పెట్టి, "నువ్వే చెయ్యాలె" అన్నది. వాన తగ్గి బస్సు కదిలినంక తర్వాతి స్టేజీల దిగిపోయింది. ఆమె పేరు గూడ అడగలే.

వారం రోజులు భయపడి, ఆఖరికి మగ్గం పక్కన కూసొని ఆమె చెప్పినట్టు చేసిన.

నెల గడిచినంక బావ అన్నం తినుకుంట అడిగిండు: "సైటుకు మెయిళ్లు వస్తలేవేంది?"

"వస్తున్నయి బావా, నాకొస్తున్నయి" అన్న.

ఆయన కంచం ముందలనుంచి లేచిపోయిండు. ఆ రోజు ఇంట్ల ఎవ్వరూ నాతోని మాట్లాడలే. నేను వచ్చిన మెయిళ్లకు జవాబులు రాసుకుంట కూసున్న.